డిజైన్ నేర్చుకోకపోయినా స్లైడ్లు బాగా చేయొచ్చు: తెల్లకాగితం దగ్గర నుంచి చివరి ప్రశ్న దాకా

నేను మొదటిసారి నలుగురి ముందు నిలబడి స్లైడ్లు చూపించినప్పుడు నాకిచ్చిన టైము 20 నిమిషాలు, నా దగ్గరున్న స్లైడ్లు 43. రెండు రాత్రులు మేలుకుని చేశాను. నీలం నుంచి ఊదాలోకి కరిగిపోయే బ్యాక్‌గ్రౌండ్, ఒక్కో లైనూ పక్కనుంచి దూసుకొచ్చే యానిమేషన్, మూలమూలకీ ఒక బొమ్మ. తొమ్మిదో స్లైడు దగ్గర వెనక వరుసలోంచి ఒకాయన "ఆ కింద ఏదో రాశారు, ఏంటండీ అది?" అన్నారు. తిరిగి చూస్తే నాకూ సరిగ్గా కనబడలేదు. దగ్గరికెళ్లి చదవడం మొదలుపెట్టాను, ఇక అక్కణ్ణుంచి చివరిదాకా వచ్చినవాళ్లకి నా వీపే కనబడింది.

నాకు డిజైన్ రాదు కాబట్టే అలా అయిందని చాలాకాలం అనుకున్నా. తర్వాత ఒకరోజు ఆ ఫైలు తెరిచి చూస్తే అసలు సంగతి అర్థమైంది. ఏ స్లైడులో ఏం చెప్పాలో నాకే తేలలేదు, తేలని చోటల్లా రంగులూ బొమ్మలూ పెట్టి నింపేశాను. ఆ తేల్చుకునే పని ముందు చేస్తే మిగిలిన డిజైన్ అంతా నాలుగైదు అలవాట్లే, ఎవరికైనా పట్టుబడతాయి. నేను ఇప్పుడు ఏ వరసలో చేస్తానో అదే వరసలో చెబుతాను.

1. ముందు లాప్‌టాప్ మూసేయండి

పవర్‌పాయింట్ తెరవగానే "ఇక్కడ టైటిల్ రాయండి" అని ఒక పెట్టె కనబడుతుంది, మనం వెంటనే ఏదో ఒకటి టైపు చేసేస్తాం, అక్కడే దారి తప్పుతాం. ఒక కాగితం తీసుకుని మూడు సంగతులు రాయండి: వినేది ఎవరు, వాళ్లకి ఈ విషయం ఇప్పటికే ఎంత తెలుసు, మీరు మాట్లాడ్డం అయ్యాక వాళ్లు ఏం చేయాలి. మూడోదానికి "అవగాహన కలగాలి" లాంటి జవాబు రాస్తే ఇంకోసారి ఆలోచించండి. ఒప్పుకోవాలా, డబ్బివ్వాలా, ఓటెయ్యాలా, రేపటి నుంచి ఒక పని మానేయాలా? అది తేలాలి.

ఒక ఉదాహరణ పెట్టుకుని చివరిదాకా దాన్నే వాడుకుందాం. అంకెలు నేను కల్పించినవే. ఒక యాప్ వాడేవాళ్లకి ఫోన్లో సాయం చేసే టీమ్‌లో మీరున్నారు అనుకోండి. నెలకి 1,200 కాల్స్ వస్తున్నాయి, టీమ్ తట్టుకోలేకపోతోంది. అందులో 540 కాల్స్ పాస్‌వర్డ్ మర్చిపోయామని, 240 బిల్లు సందేహాలు, 180 యాప్ ఆగిపోతోందని, 150 ఏ బటన్ ఎక్కడుందో తెలీక, 90 మిగతావి. ఇప్పుడు మీ ప్రెజెంటేషన్ మొత్తం ఒక్క వాక్యంలో రాయమంటే ఇలా వస్తుంది: "పాస్‌వర్డ్ ఎవరికి వాళ్లే మార్చుకునే ఏర్పాటు చేస్తే మనకొచ్చే కాల్స్ దాదాపు సగానికి తగ్గుతాయి, ఆ పనికి ఇద్దరు డెవలపర్లని మూడు వారాలు ఇవ్వండి." ఈ వాక్యం రాయలేకపోతే ఇంకా స్లైడ్లు మొదలుపెట్టే టైము రాలేదన్నమాట.

వాక్యం దొరికాక చిన్న చిన్న చీటీలు తీసుకుని ఒక్కో చీటీ మీద ఒక్కో పాయింటు రాసి నేల మీద పరవండి. అటూఇటూ జరపండి, తీసేయండి. చీటీ పారేయడానికి ఎవరికీ బాధ ఉండదు, గంటసేపు కూర్చుని అందంగా చేసిన స్లైడు తీసేయాలంటే మాత్రం ప్రాణం ఒప్పదు. అందుకే కోతంతా ఇక్కడే అయిపోవాలి.

ఎన్ని స్లైడ్లు ఉండాలని అడుగుతారు. కొత్త కంపెనీలు పెట్టుబడి అడగడానికి వచ్చినప్పుడు పాటించమని గై కవాసాకి అనే అమెరికన్ రచయిత చెప్పిన 10-20-30 లెక్క ఒకటి బాగా పేరుపడింది: 10 స్లైడ్లు, 20 నిమిషాలు, 30 పాయింట్ల సైజుకి తగ్గని అక్షరాలు. నా మట్టుకు నాకు మొదటి రెండు అంకెలు సందర్భాన్ని బట్టి మారతాయి, మూడోది అచ్చంగా 30 కాకపోయినా అక్షరాలు పెద్దవిగా ఉండాలన్న మాట ఎక్కడైనా పనికొస్తుంది, ఎందుకంటే అక్షరం పెద్దదయ్యేసరికి మాటలు వాటంతటవే తగ్గుతాయి. బొమ్మ ఒక్కటే ఉన్న స్లైడు పది సెకన్లలో దాటిపోతుంది, ఒక చార్టు మీద నాలుగు నిమిషాలు మాట్లాడొచ్చు. కాబట్టి స్లైడ్లు లెక్కపెట్టకండి, నిమిషాలు లెక్కపెట్టండి.

2. టైటిల్‌లో పేరు పెట్టకండి, మాట చెప్పండి

ఈ మొత్తంలో ఒక్కటే పాటించే ఓపిక ఉందంటే ఇది పాటించండి. "కాల్స్ విశ్లేషణ" అని టైటిల్ పెడితే అది డబ్బా మీద అంటించిన చీటీ లాంటిది, లోపల ఏముందో చూసేవాళ్లే తవ్వుకోవాలి. "మనకొచ్చే కాల్స్‌లో 45 శాతం పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్లవే" అని పెడితే ఆ స్లైడు పని సగం అయిపోయినట్టే. చూసేవాళ్లు ముందు పైన పెద్దక్షరాలే చదువుతారు, చాలామంది అవే చదివి ఊరుకుంటారు.

ఇది ఎంత దూరం వెళ్లగలదో చెప్పడానికి ఒక నిజమైన స్లైడు ఉంది. 2003 జనవరిలో కొలంబియా వ్యోమనౌక బయల్దేరిన 82 సెకన్లకి ఇంధన ట్యాంకు మీది నురగ ముక్క ఊడి ఎడమ రెక్కకి తగిలింది. నౌక ఇంకా కక్ష్యలో ఉండగానే ఇంజనీర్లు నష్టం ఎంతో అంచనా వేసి నాసా వాళ్లకి స్లైడ్లలో చూపించారు. అందులో ఒక స్లైడు టైటిల్ సారాంశం ఏమిటంటే, పాత పరీక్షల లెక్కలు చూస్తే మన అంచనాలు జాగ్రత్త వైపే ఉన్నాయని. అది చదివినవాళ్లకి ఫర్వాలేదులే అనిపిస్తుంది. అదే స్లైడులో అట్టడుగున, చిన్న అక్షరాల్లో, బుల్లెట్ కింద బుల్లెట్‌గా అసలు విషయం ఉంది: పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు, ఇప్పుడు తగిలింది 1,920 ఘనపు అంగుళాలు. అంటే 640 రెట్లు. ఆ పరీక్షలు ఈ దెబ్బకి ఏమాత్రం కొలబద్ద కావు. ఫిబ్రవరి 1న తిరిగొస్తుండగా నౌక ముక్కలై కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ చనిపోయారు. ఒక్క స్లైడు వల్లే ప్రమాదం జరిగిందని ఎవరూ అనరు, అనకూడదు కూడా. కానీ దర్యాప్తు బోర్డు అదే ఏడాది ఇచ్చిన నివేదికలో ఈ స్లైడుని ప్రత్యేకంగా తీసుకుని, ఇది చదివిన పెద్ద అధికారికి ఇందులో ప్రాణాపాయం సంగతి ఉందని తట్టకపోవడంలో ఆశ్చర్యం లేదన్న అర్థంలో రాసింది. టైటిల్ "తగిలిన ముక్క మన పరీక్షల కన్నా 640 రెట్లు పెద్దది" అని ఉంటే ఆ గదిలో అడిగే ప్రశ్నలు వేరుగా ఉండేవి కదా అనిపిస్తుంది నాకు.

టైటిళ్లు రెండు లైన్లు దాటకుండా చూసుకోండి. అన్నీ రాశాక టైటిళ్లని మాత్రమే వరసగా పైకి చదవండి, పవర్‌పాయింట్‌లో అవుట్‌లైన్ వ్యూ ఉన్నది దీనికే. కథ అర్థమవ్వాలి. ఎక్కడ తడబడితే అక్కడ ఒక స్లైడు తక్కువైనా ఉంది, ఎక్కువైనా ఉంది.

3. ఖాళీ మూస ఒకటి తయారు చేసుకోండి

ఇప్పుడు లాప్‌టాప్ తెరవండి. రెడీమేడ్ టెంప్లేట్ల జోలికి వెళ్లకండి. వాటిలో చాలావాటికి అలంకారం ఎక్కువ, చోటు తక్కువ. ఖాళీ తెల్లటిది తీసుకోండి.

మొదట సైజు. పవర్‌పాయింట్ 2013 నుంచి మామూలుగా 16:9 వెడల్పు స్లైడే ఇస్తోంది. అయినా కొన్ని పాత ప్రొజెక్టర్లు ఇప్పటికీ 4:3 వి. మీరు చూపించబోయే చోట ఏముందో ముందే కనుక్కోండి, అంతా అయ్యాక సైజు మారిస్తే పెట్టిన ప్రతిదీ చెదిరిపోతుంది.

తర్వాత వ్యూ మెనూలో స్లైడ్ మాస్టర్ తెరవండి. చాలామంది దీని వైపు చూడరు, అందుకే 30 స్లైడ్లలో టైటిల్ 30 చోట్ల ఉంటుంది. ఫాంటు, సైజు, టైటిల్ ఎక్కడ మొదలవ్వాలి, స్లైడు నంబర్ ఎక్కడ ఉండాలి, ఇవన్నీ మాస్టర్‌లో ఒక్కసారి చెబితే అన్ని స్లైడ్లకీ వర్తిస్తాయి. రేపు మనసు మారినా ఒక్కచోట మారిస్తే చాలు. నాలుగు లేఅవుట్లు ఉంటే నాకు ఎప్పుడూ సరిపోయాయి: మొదటి స్లైడు, టైటిల్ కింద ఒక పెద్ద ఖాళీ, టైటిల్ కింద రెండు సగాలు, స్లైడంతా ఒకే బొమ్మ. స్లైడు నంబర్ తప్పకుండా పెట్టండి, ప్రశ్నలప్పుడు "ఏడో స్లైడుకి వెళ్లండి" అనడానికి వీలవుతుంది. సంస్థ లోగో మొదటి స్లైడులోనూ చివరి స్లైడులోనూ చాలు, ప్రతి స్లైడులోనూ లోగో ఉంటే అది చోటు తినడం తప్ప చేసేదేం లేదు. (పైవాళ్లు పట్టుబడితే పెట్టేయండి, దానికోసం యుద్ధాలు వద్దు.)

4. అక్షరాలు

ఒకే ఫాంటు, మామూలుది ఒకటి, బోల్డ్ ఒకటి. మూడు సైజులు: టైటిల్ 36, మిగతా మాటలు 24 నుంచి 28, లెక్కలు ఎక్కణ్ణుంచి తెచ్చారో చెప్పే లైను 14. ఇంతే. 24 కన్నా తగ్గించాలనిపిస్తే అక్కడ మాటలు ఎక్కువయ్యాయని అర్థం. మాటలు తగ్గించండి, లేదా రెండు స్లైడ్లు చేయండి. పెట్టెలో మాటలు పట్టకపోతే పవర్‌పాయింట్ దానంతటదే అక్షరాల్ని చిన్నవి చేసేస్తుంది, ఆ ఆటోఫిట్‌ని ఆపేయడం మంచిది, లేకపోతే మీకు తెలీకుండానే 16కి దిగిపోతారు.

వెనక వరుసకి కనబడుతుందో లేదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. గదిలో తెర వెడల్పు 2 మీటర్లు, చివరి వరుస 12 మీటర్ల దూరంలో ఉందనుకోండి. అంటే తెర వెడల్పుకి 6 రెట్ల దూరం. 14 అంగుళాల లాప్‌టాప్ తెర వెడల్పు సుమారు 31 సెంటీమీటర్లు, దానికి 6 రెట్లంటే దాదాపు 1.9 మీటర్లు. లాప్‌టాప్ బల్ల మీద పెట్టి రెండు మీటర్లు వెనక్కి జరిగి చూడండి. చివరి వరుసలో కూర్చున్నాయనకి కనబడేది సరిగ్గా అదే. నేను మొదటిసారి ఈ పరీక్ష చేసినప్పుడు నా స్లైడ్లలో సగం చదవలేకపోయాను.

తెలుగులో స్లైడ్లు చేసేవాళ్లకి ఇంకో నాలుగు మాటలు. మన అక్షరానికి పైన గుడులూ ఏత్వాలూ, కింద ఒత్తులూ ఉంటాయి కాబట్టి లైన్ల మధ్య ఖాళీ ఎక్కువ కావాలి. ఇంగ్లిష్‌కి సరిపోయిన 1.0 మనకి ఇరుకు, 1.2 నుంచి 1.3 పెట్టి చూడండి, పై లైను ఒత్తు కింది లైను గుడికి తగలకూడదు. బాగా లావు బోల్డ్ పెడితే ఒత్తుల మధ్య ఖాళీ పూడిపోయి దూరం నుంచి మచ్చలా కనబడుతుంది, కాబట్టి బోల్డ్ టైటిల్ వరకే. ఇటాలిక్ మన లిపికి అసలు నప్పదు. నోటో సాన్స్ తెలుగు, మండలి లాంటివి చదవడానికి హాయిగా ఉంటాయి, రామభద్ర టైటిళ్లకి బాగుంటుంది, అన్నీ ఉచితమే. యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా తెలుగు తెలుగులాగే కనబడే పద్ధతి) కాని పాత ఫాంట్లలో టైపు చేసిన మేటర్ మాత్రం వాడకండి, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే మీ తెలుగంతా పిచ్చి గుర్తులైపోతుంది.

5. రంగులు

అక్షరాలకి ఒకటి, బ్యాక్‌గ్రౌండ్‌కి ఒకటి, చూపు ఎక్కడ పడాలో అక్కడికి ఒకటి. మూడు. వీటితో పాటు బూడిద రంగు ఎంతైనా వాడుకోవచ్చు, అది ఎవరికీ అడ్డం రాదు.

ప్రొజెక్టర్ గురించి ఒక సంగతి తెలిస్తే సగం గొడవ తీరుతుంది: ప్రొజెక్టర్ నల్లరంగుని వేయలేదు. తెర మీద మీకు కనబడే నలుపు, కాంతి పడని తెర రంగే. గదిలో లైట్లు వెలుగుతుంటే మీ "నల్ల" బ్యాక్‌గ్రౌండ్ బూడిదరంగు అవుతుంది, దాని మీద ముదురు నీలం అక్షరాలు మాయమైపోతాయి. వెలుతురున్న గదిలో తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద ముదురు అక్షరాలే క్షేమం. చీకటి హాల్లోనో పెద్ద ఎల్‌ఈడీ తెర మీదో అయితే ముదురు బ్యాక్‌గ్రౌండ్ బాగుంటుంది. తెలుపు మీద పసుపు, లేత ఆకుపచ్చ, సన్నటి బూడిద గీతలు లాప్‌టాప్‌లో ముద్దుగానే ఉంటాయి, ప్రొజెక్టర్ దగ్గర ఒక్కటీ మిగలదు.

అనుమానం వస్తే కొలవొచ్చు. వెబ్‌సైట్లు అందరూ చదవగలిగేలా ఉండాలని పెట్టుకున్న డబ్ల్యూసీఏజీ ప్రమాణాల్లో మామూలు అక్షరాలకీ బ్యాక్‌గ్రౌండ్‌కీ మధ్య కనీసం 4.5:1 తేడా ఉండాలంటారు, పెద్దక్షరాలకి 3:1 చాలు. తెలుపు మీద నలుపు 21:1. కాంట్రాస్ట్ చెకర్ అని వెతికితే ఉచితంగా లెక్కేసే పేజీలు దొరుకుతాయి.

ఎరుపు ఆకుపచ్చల మధ్య తేడా తెలియనివాళ్లు మగవాళ్లలో తక్కువేం లేరు, గది నిండా జనం ఉంటే అందులో ఒకరైనా ఉంటారనే అనుకోండి. "ఎర్రవి నష్టం, ఆకుపచ్చవి లాభం" అని రంగు మీదే వదిలేయకుండా పక్కన మాటో, బాణం గుర్తో పెట్టండి. స్లైడుని బ్లాక్ అండ్ వైట్‌లో ప్రింట్ ప్రివ్యూ చూసినా అర్థమవుతుంటే మీరు సేఫ్.

6. ఎక్కడ ఏది పెట్టాలి

చూడగానే ఇది ఎవరో తెలిసినవాళ్లు చేశారనిపించేది అందమైన బొమ్మల వల్ల కాదు, అంచులు కలవడం వల్ల. టైటిల్ ఎడమ అంచు ఎక్కడ మొదలైందో దాని కింద ఉన్న ప్రతిదీ అదే నిలువు గీత మీద మొదలవ్వాలి. ఆల్ట్ ఎఫ్9 నొక్కితే పవర్‌పాయింట్‌లో గైడ్ గీతలు వస్తాయి, నాలుగు వైపులా అంచు నుంచి కాస్త లోపలికి జరిపి పెట్టుకుని ఆ గీతలు దాటకండి. రెండు మూడు పెట్టెలున్నప్పుడు కంటితో చూసి సర్దకుండా అన్నీ సెలెక్ట్ చేసి అలైన్, డిస్ట్రిబ్యూట్ బటన్లు వాడండి. అన్నిటినీ మధ్యకి తెచ్చే అలవాటు మానేయండి. మొదటి స్లైడులో ఫర్వాలేదు గానీ మూడు లైన్ల మేటర్‌ని సెంటర్ చేస్తే ప్రతి లైను మొదలు కోసం కన్ను వెతుక్కోవాలి.

ఇప్పుడు మన కాల్స్ స్లైడు తీసుకుందాం. మొదటి డ్రాఫ్టు ఎలా ఉంటుందో నాకు తెలుసు, నేనూ అలాగే చేసేవాణ్ణి. పైన "కాల్స్ విశ్లేషణ – గత నెల". ఎడమవైపు ఆరు బుల్లెట్లు: మొత్తం 1,200 కాల్స్ వచ్చినవి, అందులో 540 పాస్‌వర్డ్ సంబంధించినవి, 240 బిల్లింగ్ సంబంధించినవి... కుడివైపు అవే అంకెలతో ఐదు రంగుల త్రీడీ పై చార్టు (గుండ్రటి రొట్టెని ముక్కలు కోసినట్టుండేది), దాని పక్కన ఏ రంగు ఏమిటో చెప్పే పట్టిక. కింద మూలలో హెడ్‌ఫోన్ పెట్టుకుని నవ్వుతున్న అమ్మాయి ఫొటో.

ఒక్కొక్కటీ తీసేద్దాం. ముందు ఫొటో, ఫోన్లో మాట్లాడితే మనుషులు ఎలా ఉంటారో అందరికీ తెలుసు. తర్వాత బుల్లెట్లు, అవి చార్టులో ఉన్నవే. పైగా అవి మీరు నోటితో చెప్పబోయేవి కూడా. తెర మీద ఉన్న వాక్యాన్నే మీరూ చదువుతుంటే జనం మీకన్నా ముందే చదివేసి ఎదురుచూస్తుంటారు, వేరే వాక్యం చెబుతుంటే చదవలేక వినలేక రెండూ వదిలేస్తారు. ఇక మిగిలింది చార్టు. దాన్ని స్లైడంతా పెద్దది చేసి, పై చార్టు తీసేసి ఐదు అడ్డపట్టీలు పెట్టండి, పెద్దది పైన, చిన్నది కింద. రంగుల పట్టిక తీసేసి పేరు పట్టీ పక్కనే, అంకె పట్టీ చివర రాయండి. నాలుగు పట్టీలకి బూడిద, పాస్‌వర్డ్ పట్టీకి ఒక్కదానికే నారింజ. పైన టైటిల్ "మనకొచ్చే కాల్స్‌లో 45 శాతం పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్లవే". కుడివైపు పావు వంతు ఖాళీగా ఉంటుంది, దాన్ని ఏదో ఒకటి పెట్టి నింపాలని చెయ్యి లాగుతుంది, లాగనివ్వండి, పెట్టకండి. ఇంతకుముందు స్లైడు అర్థం కావడానికి అర నిమిషం పట్టేది, దీనికి నాలుగు సెకన్లు చాలు. మీరు నోరు విప్పేసరికి వాళ్లు మీ వైపే చూస్తుంటారు.

7. చార్టుల గురించి ఇంకొంచెం

పై చార్టు మీద నాకు పగేం లేదు గానీ దానికో బలహీనత ఉంది. విలియం క్లీవ్‌లాండ్, రాబర్ట్ మెక్‌గిల్ అనే గణాంకశాస్త్రవేత్తలు 1984లో చేసిన ప్రయోగాల్లో మనుషులు ఒకే గీత మీద ఉన్న వస్తువుల స్థానాన్నీ పొడవునీ బాగా పోల్చగలరని, కోణాల్నీ వైశాల్యాన్నీ పోల్చడంలో తడబడతారని తేలింది. పై చార్టంతా కోణాలే. 150కి 180కి తేడా పట్టీల్లో ఇట్టే తెలుస్తుంది, పైలో అంకె చదివితే తప్ప తెలీదు. దాన్ని త్రీడీ చేస్తే ఇంకా ఘోరం, మన వైపు వంగిన ముక్క అసలు కన్నా పెద్దదిగా కనబడుతుంది. రెండు మూడు ముక్కలుండి, ఒకటి సగమో పావో అని చెప్పాలంటే పై చార్టు పెట్టుకోండి. అంతకు మించి వద్దు.

కాలంతో పాటు మారేదానికి లైను చార్టు, రకాల మధ్య పోలికకి పట్టీలు. పట్టీల చార్టులో స్కేలు సున్నా నుంచే మొదలవ్వాలి, 500 నుంచి మొదలుపెడితే 540కి 520కి మధ్య తేడా రెట్టింపులా కనబడుతుంది, అది అబద్ధం చెప్పడంతో సమానం. లైను చార్టుకి ఆ పట్టింపు అంత లేదు. వెనక గళ్ల గీతలు, చుట్టూ పెట్టె, నీడలు తీసేయండి. పట్టిక తప్పదనుకుంటే అందులో నాలుగైదు వరసలకి మించి పెట్టకుండా, చూడాల్సిన గడి ఒక్కటి బోల్డ్ చేయండి. ఇరవై వరసల ఎక్సెల్ పట్టికని తెచ్చి అంటించి "ఇది మీకు కనబడకపోవచ్చు గానీ" అని మొదలుపెట్టేవాళ్లని చూస్తే... కనబడదని తెలిసీ ఎందుకు పెట్టారండీ?

ఎక్సెల్ అన్నాను కాబట్టి ఒక హెచ్చరిక. ఎక్సెల్ నుంచి చార్టు కాపీ చేసి ఎంబెడ్ అయ్యేలా అంటిస్తే దాంతో పాటు మొత్తం వర్క్‌బుక్ స్లైడు ఫైల్లోకి వచ్చేస్తుంది. తర్వాత ఆ ఫైలు ఎవరికైనా పంపితే వాళ్లు చార్టు మీద నొక్కి మీ మిగతా షీట్లన్నీ చూడొచ్చు, అందులో జీతాల షీటున్నా సరే. బయటికి పంపే ఫైల్లో చార్టుని పిక్చర్‌గా అంటించండి.

8. బొమ్మలు, యానిమేషన్లు

బొమ్మని పెద్దది చేయాలంటే మూల పట్టుకుని లాగండి, పక్క పట్టుకుని లాగితే మనుషులు లావైపోతారు. స్లైడంతా నింపే ఫొటో 1920 పిక్సెళ్ల వెడల్పన్నా ఉండాలి. ఇంటర్నెట్లో కనబడిన ప్రతి ఫొటో వాడుకోవడానికి కాదు, లైసెన్సు చూసుకోండి. ఫొటో మీద అక్షరాలు రాయాలంటే మధ్యలో సగం పారదర్శకంగా ఉన్న నల్ల పెట్టె ఒకటి వేస్తే చదవడానికి వీలవుతుంది. స్క్రీన్‌షాట్ పెడితే మొత్తం పెట్టకుండా కావాల్సిన ముక్క వరకు క్రాప్ చేయండి. అయితే క్రాప్ చేసిన భాగం కనబడకపోయినా ఫైల్లోనే ఉంటుంది, ఎవరైనా దాన్ని వెనక్కి లాగి చూడొచ్చు. కంప్రెస్ పిక్చర్స్‌లో క్రాప్ చేసిన భాగాలు డిలీట్ చేయమనే ఆప్షన్ ఉంది, అది నొక్కాకే పంపండి.

యానిమేషన్ ఒక్కటే వాడండి, "అప్పియర్". ఐదు దశల పని వివరిస్తున్నప్పుడు ఒక్కో దశ మీరు చెప్పేటప్పుడే రావడానికి అది పనికొస్తుంది. తిరగడం, ఎగరడం, చప్పుళ్లు వద్దు. నిజానికి నేను అదీ వాడను, కంట్రోల్ డి నొక్కి స్లైడుని డూప్లికేట్ చేసి రెండోదానికి ఒక ముక్క కలుపుతాను. పీడీఎఫ్‌లో కూడా అది చెడిపోదు.

9. "పీపీటీ పంపండి" అన్నప్పుడు

ఇదొక తలనొప్పి. మాటలు తక్కువున్న స్లైడ్లు పంపితే మీటింగ్‌కి రానివాళ్లకి ఏమీ అర్థం కాదు, అందుకని భయపడి జనం స్లైడులోనే అంతా రాసేస్తారు, అప్పుడది ఎదురుగా ఉన్నవాళ్లకి పనికిరాదు. రెండు పనులకి రెండు వస్తువులు కావాలి. మీరు చెప్పాలనుకున్నదంతా ప్రతి స్లైడు కింద నోట్స్‌లో రాసుకోండి. ప్రింట్‌లో నోట్స్ పేజెస్ ఎంచుకుని పీడీఎఫ్ చేస్తే పైన స్లైడు, కింద మీ వివరణ వచ్చేస్తాయి. పంపాల్సింది అదీ. ప్రెజెంటర్ వ్యూలో ఆ నోట్స్ మీ తెర మీద మాత్రమే కనబడతాయి, కానీ పేరాలు పేరాలుగా రాసుకుంటే అక్కడ చదవడం మొదలుపెడతారు, చెప్పేటప్పటికి నాలుగు ముక్కలకి కుదించుకోండి.

10. ముందురోజు, ఆ రోజు

నిలబడి, నోరు విప్పి, గడియారం పెట్టుకుని ఒకసారి పూర్తిగా చెప్పండి. మనసులో చెప్పుకోవడం లెక్కలోకి రాదు. ఎక్కడ "అంటే ఇక్కడ ఏంటంటే" అని సాగదీస్తున్నారో అక్కడ స్లైడు సరిగ్గా లేదు. 20 నిమిషాలిస్తే 17లో అయిపోయేలా చూసుకోండి, ముందు మాట్లాడినాయన మీ టైములో మూడు నిమిషాలు ఎలాగూ తినేస్తారు.

మీ కంప్యూటర్ కాకుండా వేరేదాంట్లో చూపించాల్సి వస్తే ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లోకి వెళ్లి ఫాంట్లు ఫైల్లోనే ఎంబెడ్ చేసే ఆప్షన్ పెట్టండి. కొన్ని ఫాంట్ల లైసెన్సు అందుకు ఒప్పుకోదు, అందుకని పీడీఎఫ్ కాపీ ఒకటి కూడా పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి. ఒకసారి నా తెలుగు టైటిళ్లన్నీ అవతలి కంప్యూటర్లో డబ్బాలుగా మారిపోతే నన్ను కాపాడింది ఆ పీడీఎఫే. గదికి అరగంట ముందు వెళ్లి ప్రొజెక్టర్‌కి కలిపి చివరి వరుసలో కూర్చుని చూడండి. లాప్‌టాప్‌కి తగ్గ అడాప్టర్ మీదే తీసుకెళ్లండి, అక్కడుంటుందని నమ్మొద్దు.

మాట్లాడుతున్నప్పుడు పవర్‌పాయింట్‌లో కీబోర్డ్ మీద బి నొక్కితే తెర నల్లబడుతుంది, మళ్లీ నొక్కితే తిరిగొస్తుంది. ముఖ్యమైన మాట చెప్పేముందు ఒకసారి నొక్కి చూడండి, గదిలో అందరి తలలూ మీ వైపు తిరుగుతాయి. నాకు మొదట్లో భయమేసేది, ఇప్పుడదే ఇష్టం.

చివర్లో "థాంక్యూ" స్లైడు పెట్టకండి. ప్రశ్నలు పది నిమిషాలు నడిస్తే ఆ పది నిమిషాలూ తెర మీద ఏముంటుందో అదే జనం ఎక్కువసేపు చూస్తారు. అక్కడ పువ్వుల బొమ్మ ఎందుకు? "ఇద్దరు డెవలపర్లు, మూడు వారాలు: నెలకి 540 కాల్స్ తగ్గించొచ్చు" అన్న స్లైడు వదిలేయండి, థాంక్స్ నోటితో చెప్పండి. దాని తర్వాత, చూపించని స్లైడ్లు నాలుగైదు దాచుకోండి: మూడు నెలల లెక్కలు, ఖర్చు వివరం, భద్రత గురించి ఎవరైనా అడిగితే దానికొకటి. వాటి నంబర్లు ఒక చీటీ మీద రాసి చేతిలో పెట్టుకోండి. "మరి దీనివల్ల అకౌంట్లు ఎవరైనా హ్యాక్ చేస్తే?" అని వెనకనుంచి ప్రశ్న వచ్చినప్పుడు 14 టైపు చేసి ఎంటర్ నొక్కితే చాలు, మధ్యలో ఏ స్లైడూ చూపించకుండా నేరుగా జవాబు దగ్గరికి వెళ్తారు.